తాబేలు పిల్లకు దారి చూపేదెవరు?

హరిశ్చంద్రపురం, నౌపడ, పలాస స్టేషన్ల మీదుగా సాగే రైలుమార్గానికి తూర్పున కొబ్బరితోటలు, జీడితోటలు, పనసచెట్లు, మొగలిపొదలు అల్లుకొన్న సీమ ఒకటి కలదు. దానికి ఉద్దానమని పేరు. ఉద్యానమనే మాటే ప్రజల నోట ఉద్దానమైనదని పెద్దలు చెబుతారు. ఆ తోటలు దాటి, సరుగుడు తోపులు దాటి ముందుకు పోతే ఇసుకతిన్నెలు, వాటి కవతల బంగాళాఖాతం. ఏటా జనవరి మొదలు మార్చి దాకా ఆలివ్ రిడ్లే జాతికి చెందిన ఆడ తాబేళ్లు రాత్రివేళ ఈ తీరానికి వచ్చి, వెనుక కాళ్లతో గొయ్యి త్రవ్వి, నూరు నూటపది గుడ్ల వరకు పెట్టి, పైన ఇసుక కప్పి, మళ్లీ సముద్రంలోకి వెళ్లిపోతాయి. తల్లి తిరిగి రాదు. 45 మొదలు 60 రోజులకు గుడ్లు పగిలి, పిల్లలు ఒకదానిపై ఒకటి ప్రాకుతూ ఇసుకను త్రోసుకొని, సాధారణంగా రాత్రిపూటనే పైకి వస్తాయి.

పొదిగిన తల్లి లేదు, వెంట నడిపే తోడు లేదు. అరచేతిలో ఇమిడే ఆ నల్లని పిల్ల పుట్టి భూమిపైకి వచ్చిన కొద్ది నిమిషాలలోనే సముద్రంవైపు ముఖం త్రిప్పి పరుగు తీస్తుంది. సముద్రం ఎటున్నదో దానికి ఎవరు చెప్పారు?

ప్రశ్న చిన్నది. కాని దీనికి జవాబు వెదకిన శాస్త్రజ్ఞులు నడచిన దారి చాల పొడవైనది. ఆ దారిలో వారికి ఎదురైన చిక్కులు, ఆ చిక్కులను విప్పిన తీరు, జంతువుల నడవడిని పరీక్షించబోయే ప్రతి విద్యార్థికీ, ఆ విద్యార్థిని నడిపించే ప్రతి ఉపాధ్యాయునికీ పాఠం కాదగినవి.

అయిదుగురు సాక్షులు, ఒకే మాట

తరగతిలో ఈ ప్రశ్న వేసి చూడండి. ఇసుక సముద్రంవైపు వాలుగా ఉన్నది, వాలును పట్టుకొని పోతుందని ఒకరంటారు. అలల హోరు విని పోతుందని ఇంకొకరు. ఉప్పుగాలి వాసన పట్టి పోతుందని వేరొకరు. తూర్పుదిక్కును పుట్టుకతోనే ఎరుగునని ఒకరు. నీటిమీది ఆకాశం తోటలమీది ఆకాశం కంటె తేటగా ఉంటుంది గనుక ఆ వెలుగును చూచి పోతుందని మరొకరు. ఈ జవాబులలో వెక్కిరించదగినది ఒక్కటి కూడ లేదు. అన్నీ కళ్లు తెరచి చూచినవారు చెప్పే మాటలే.

చిక్కు ఎక్కడున్నదంటే, ఉద్దానం తీరాన ఈ అయిదూ ఒక్క దిక్కునే చూపుతాయి. వాలు సముద్రంవైపే. హోరు అటునుంచే. గాలి అటునుంచే. సముద్రం తూర్పుననే. చీకటిలో తేటగా కనిపించే ఆకాశపుటంచు కూడ అటే. అయిదుగురు సాక్షులు ఏకకంఠంగా ఒకే మాట చెబుతున్నారు. వారిలో తాబేలు పిల్ల చెవినిడినది ఎవరి మాట? ఇసుకలో కూర్చుండి వెయ్యి రాత్రులు చూచినా ఈ సంగతి తేలదు. పరిశీలన మనకు పిల్ల సముద్రానికి పోతుందని చెబుతుంది గాని, దేనివల్ల పోతుందో చెప్పదు. అది తెలియాలంటే సాక్షుల మధ్య తగవు పెట్టాలి. వాలు ఒకవైపు, వెలుగు ఒకవైపు చూపేటట్లు ఏర్పాటు చేసి, పిల్ల ఎటు పోతుందో చూడాలి. పరిశీలనకూ ప్రయోగానికీ గల భేదం ఇదే.

మార్చేది, కొలిచేది, చాటుననుండేది

గణితంలో చరరాశి అనే మాట విద్యార్థులు వినే ఉంటారు. ప్రయోగంలో కూడ అదే మాట. మారగల ప్రతి అంశమూ చరరాశియే. అందులో మనం బుద్ధిపూర్వకంగా మార్చేది స్వతంత్ర చరరాశి. దాని ఫలితంగా మారుతుందేమోనని మనం కొలిచేది ఆశ్రిత చరరాశి. తక్కినవాటిని మారనీయక నిలిపి ఉంచడం నియంత్రణ.

తాబేలు పిల్లకు వెలుగే దారి చూపుతున్నదా అని పరీక్షించేటప్పుడు వెలుగు ఉన్న దిక్కు స్వతంత్ర చరరాశి. మరి ఆశ్రిత చరరాశి ఏది? దారి తెలుసుకొనడమని వ్రాస్తే చాలదు. దారి తెలుసుకొన్నదో లేదో కొలబద్ద పెట్టి కొలవలేము. ఇసుకను చదును చేసి, రెండు మీటర్ల వ్యాసార్ధంతో ఒక వృత్తం గీసి, పిల్లను నడుమ విడిచి, దాని అడుగుజాడ వృత్తాన్ని ఏ కోణంలో దాటినదో వ్రాసుకొంటే అది కొలత. ఇద్దరు వేర్వేరుగా కొలిచినా ఒకే అంకె రావాలి.

ఇక మూడవది చాటుకారణం. ఇంగ్లీషు గ్రంథాలు దీనిని కన్‌ఫౌండ్ అంటాయి. మనం ఒకదానిని మారుస్తున్నామనుకొంటాము. దాని చాటున మరొకటి కూడ మారుతూ ఉంటుంది. ఫలితం ఆ రెండవదానివల్ల వచ్చినా కీర్తి మొదటిదానికి పోతుంది. ఒక కుర్రవాడు లాంతరు పట్టుకొని తోటవైపు నిలబడ్డాడనుకొందాం. పిల్లలు అటు మళ్లాయి. వెలుగుకే మళ్లాయా? లాంతరుతోపాటు వేడి కూడ అటే ఉన్నది. కుర్రవాని అడుగుల అదురు, వాని శరీరపు నీడ అటే ఉన్నవి. అతడు మార్చినది వెలుగొక్కటే కాదు. వెలుగు, వేడి, మనిషి అనే మూటను మొత్తంగా అటు పెట్టాడు. దీనికి మందు సులభమే. అదే మనిషి అదే చోట ఆర్పిన లాంతరుతో కూడ నిలబడాలి. రెండు సందర్భాలలోను భేదం వెలుగొక్కటే కావాలి.

మారిన ప్రతి చిన్న సంగతినీ చాటుకారణమని భయపడవలసిన పని లేదు. రెండు ప్రశ్నలు వేసుకొంటే చాలు. నేను మార్చేదానితో కలిసి ఇది కూడ మారుతున్నదా? ఇది తనంతట తానుగా ఫలితాన్ని కదిలించగలదా? రెండింటికీ అవునన్న జవాబు వస్తేనే అది చాటుకారణం. ప్రయోగం చేసేవాని చొక్కా రంగు దినదినమూ మారవచ్చును. కాని దీపం వెలిగిన రోజుననే తెల్లచొక్కా, ఆర్పిన రోజుననే నల్లచొక్కా తొడిగితే తప్ప దానితో మనకు పేచీ లేదు. ఇక వాలు పరీక్షను ప్రతిరోజూ ముందు, వెలుగు పరీక్షను వెనుక పెట్టడం పెద్ద పొరపాటు. రెండవ పరీక్ష నాటికి పిల్లలు అలసి ఉంటాయి, చంద్రుడు పైకి వచ్చి ఉంటాడు. ఏది ముందో ఏది వెనుకో చీట్లు తీసి నిర్ణయించడం అందుకే.

సాక్షులను విడదీసిన వారు

అమెరికా జంతుశాస్త్రజ్ఞుడు జి. హెచ్. పార్కర్ 1922లో లాగర్‌హెడ్ జాతి తాబేలు పిల్లల నడకను గురించి వ్రాస్తూ, అవి అడ్డులేని దిగంతం వైపు నడుస్తాయనీ, ఎత్తయిన అడ్డులున్న వైపునుంచి తొలగిపోతాయనీ చెప్పాడు. 1967లో ఎరెన్‌ఫెల్డ్, ఆర్చీ కార్ అనే ఇద్దరు మరొక త్రోవ తొక్కారు. గుడ్లు పెట్టి తిరిగిపోయే పెద్ద ఆడ తాబేళ్ల కళ్లకు గంతలు కట్టి చూచారు. ఇసుక వాలు ఉన్నది, అలల హోరు ఉన్నది, ఉప్పుగాలి ఉన్నది. చూపు ఒక్కటే లేదు. తాబేళ్లు దారి తప్పాయి. మిగిలిన సాక్షులు ఎంత గట్టిగా పలికినా చూపు లేకుండా దారి కుదరలేదు.

ఇక్కడ తెలివైన విద్యార్థి ఒక ఆక్షేపణ తేవచ్చును. ముఖానికి ఏదో ఒకటి కట్టినందువల్లనే అవి బెదరి దారి తప్పలేదని ఎట్లు నమ్మడం? ఆక్షేపణ న్యాయమైనదే. ఆ పరిశోధకులు అద్దాలు మార్చడానికి వీలయిన కళ్లజోళ్లను కూడ తాబేళ్లకు తగిలించారు. బరువు అదే, బిగువు అదే. కంటికి చేరే కాంతి మాత్రం మారుతుంది. నియంత్రణ అంటే ఇటువంటిది.

1992లో మైకేల్ సాల్మన్, ఆయన సహచరులు వెలుగు, చెట్ల దిబ్బల నల్లని ఆకారాలు, ఇసుక వాలు ఈ మూడింటినీ విడదీసి పరీక్షించారు. ఎత్తయిన నల్లని ఆకారాలనుంచి తొలగిపోవడం, తేటగా ఉన్న తక్కువ ఎత్తు దిగంతం వైపు సాగడం, ఇవే పిల్లల నడకను నడిపేవని తేలినది. కంటికి ఆధారం దొరికినప్పుడు వాలు ప్రభావం స్వల్పమే. వాలు చెప్పిన సాక్ష్యం అబద్ధం కాదు. పిల్ల దానిని అంతగా పట్టించుకోలేదు, అంతే.

అయితే ఇసుకమీద నిజమైనది నీటిలోను నిజం కావాలని లేదు. కెనెత్ లోమన్ 1991లో లాగర్‌హెడ్ పిల్లలను నీటితొట్టెలో ఈదనిచ్చి, తొట్టె చుట్టూ విద్యుత్తీగల చుట్టలమర్చి, చీకటిలో వాటి దిక్కును కనిపెట్టాడు. భూమి అయస్కాంత క్షేత్రం ఉన్నదున్నట్లుండగా అవి తూర్పువైపు ఈదాయి. క్షేత్రాన్ని తలక్రిందు చేయగా వాటి దిక్కు కూడ ఇంచుమించు తలక్రిందైనది. తూర్పును ఎరుగునన్న విద్యార్థి మాటలో కొంత సత్యం ఉన్నదన్నమాట. కాని అది పనిచేసే చోటు వేరు, సమయం వేరు.

రంగా, కాంతా?

వెలుగే కారణమని తేలినది. పని ముగిసినదా? వెలుగులో కూడ రెండు అంశాలు కలిసి ఉన్నవి. ఒకటి దాని రంగు, మరొకటి దాని తీవ్రత. 1967లోనే మ్రొసోవ్‌స్కీ, ఆర్చీ కార్ కోస్టారికా తీరంలో పచ్చతాబేలు పిల్లల ముందు రంగురంగుల దీపాలుంచి చూడగా, అవి ఎరుపును విడిచి నీలం, ఆకుపచ్చ వైపు మొగ్గాయి. ఆ రంగులంటే వాటికి ప్రీతియని వెంటనే వ్రాయవచ్చునా? మన కంటికి సమానంగా కనిపించే ఎరుపు, నీలం దీపాలు తాబేలు కంటికి సమానం కానక్కరలేదు. ఎరుపును అది మసకగా మాత్రమే చూస్తే, రంగును కాక ఎక్కువ వెలుగును ఎన్నుకొన్నదని కూడ చెప్పవచ్చును. కొలమానం మన కన్ను కారాదు, ఆ జంతువు కన్ను కావాలి.

ఈ చిక్కు తేనెటీగల విషయంలో ఇంతకు ముందే వచ్చినది. జర్మనీలో కార్ల్ ఫాన్ హెస్ అనే ప్రసిద్ధ నేత్రవైద్యుడు తేనెటీగలకు రంగులు తెలియవనీ, కాంతి భేదమే తెలుసుననీ వాదించాడు. కార్ల్ ఫాన్ ఫ్రిష్ దానిని ఒప్పుకోక, నీలం కాగితంపై చక్కెరపాకం పెట్టి ఈగలకు అలవాటు చేసి, తరువాత దానిని రకరకాల బూడిదరంగు కాగితాల నడుమ ఉంచాడు. రంగు తెలియని కన్నుకు ఆ బూడిద కాగితాలలో ఏదో ఒకటి నీలంతో సమానంగా కనిపించి తీరాలి. పాకం తీసివేసినా ఈగలు నీలంమీదనే వ్రాలాయి. చోటును గుర్తు పెట్టుకొన్నాయేమోనని కాగితాల స్థానాలు మార్చాడు. వాసన పట్టాయేమోనని పైన గాజుపలక కప్పాడు. అయినా నీలమే. 1914లో వెలువడిన ఆ పరిశోధన నేటికీ పాఠ్యగ్రంథాలలో నిలిచి ఉన్నదంటే, కారణం ఆయన కనుగొన్న విషయం ఒక్కటే కాదు. ప్రతివాది అడగబోయే ప్రశ్నను తానే ముందుగా అడుగుకొన్నాడు.

నూరు పిల్లలు నూరు సాక్ష్యాలా?

ఒక గూటినుంచి వెలువడిన నూరు పిల్లలను విడిచి, తొంభై వెలుగువైపు పోయాయని వ్రాసి, నూరు సార్లు పరీక్షించామని చెప్పుకొనడం సాధారణంగా జరిగే పొరపాటు. ఆ నూరింటికీ తల్లి ఒక్కటే. పెరిగిన ఇసుక ఒక్కటే, వెలువడిన రాత్రి ఒక్కటే. పైగా గుంపుగా విడిస్తే ముందు పోయినదాని జాడను వెనుకది తొక్కవచ్చును. పక్కనున్నది త్రోయవచ్చును. ఒకే ఇంటివారు నూరుమంది ఒకే మాట చెబితే న్యాయస్థానం దానిని నూరు సాక్ష్యాలుగా లెక్కించదు గదా! పిల్లలను ఒక్కొక్కటిగా విడవాలి. ప్రతిసారి ఇసుకను చదును చేయాలి. వేర్వేరు గూళ్లు, వేర్వేరు రాత్రులు కావాలి. పది గూళ్లనుంచి పదేసి పిల్లలు చెప్పే మాట, ఒక గూటినుంచి నూరు పిల్లలు చెప్పే మాటకంటె బలమైనది.

చూచేవాని మనస్సు

చాటుకారణాలలో అన్నిటికంటె దొంగది ప్రయోగం చేసేవాని మనస్సులోనే దాగి ఉంటుంది. 1904 ప్రాంతాన బెర్లిన్ నగరంలో హన్స్ అనే గుర్రం కూడికలు, తీసివేతలు చేసి, గిట్టతో నేలను కొట్టి జవాబు చెబుతున్నదని గొప్ప సంచలనం కలిగినది. యజమాని ఫాన్ ఓస్టెన్ మోసగాడు కాడు. ఆయన నమ్మి చేసిన పని అది. ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు నిదానంగా ఒక్కొక్క అంశాన్నే మార్చి చూచాడు. ప్రశ్నించేవానికే జవాబు తెలియనప్పుడు గుర్రం తప్పు చెప్పినది. ప్రశ్నించేవాడు కంటికి కనిపించనప్పుడు కూడ తప్పు చెప్పినది. సరియైన సంఖ్య రాగానే ప్రశ్నించేవాని తల తెలియకుండానే కాస్త కదిలేది. గుర్రం గణితం నేర్వలేదు, మనిషిని చదవడం నేర్చుకొన్నది. 1907లో ఈ సంగతి గ్రంథరూపంలో వెలువడినది.

1963లో రోజెన్‌థాల్, ఫోడ్ అనే ఇద్దరు అమెరికాలో 12 మంది విద్యార్థులకు ఎలుకలనిచ్చి, కొందరితో ఇవి తెలివిగల జాతివనీ, కొందరితో ఇవి మందబుద్ధి జాతివనీ చెప్పారు. నిజానికి అన్నీ ఒకే రకం ఎలుకలు. అయినా తెలివిగలవని చెప్పబడిన ఎలుకలే ఎక్కువ బాగా నేర్చుకొన్నట్లు లెక్కలు వచ్చాయి. తరగతి గదిలో పిల్లలను మందమతులని, చురుకైనవారని ముందే విభజించుకొనే మనవంటి ఉపాధ్యాయులు ఈ ప్రయోగాన్ని రెండుసార్లు చదవడం మంచిది.

దీనికి విరుగుడు ఒక్కటే. కొలిచేవానికి ఏ జంతువు ఏ వర్గానిదో తెలియరాదు. దీపం పెట్టినవాడు ఒకడు, అది ఎటున్నదో తెలియకుండా తెల్లవారి జాడలు కొలిచేవాడు వేరొకడు కావాలి.

కాలమనే చాటుకారణం

తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రాచార్యులుగా పనిచేసిన కందుల పంపాపతిరావుగారు, అంతకు ముందు అమెరికాలో పరిశోధన చేస్తున్న కాలంలో, 1954లో సముద్రపు ఆలుచిప్పల జాతి జీవులను గురించి ఒక ముఖ్యమైన వ్యాసం ప్రకటించారు. ఆ జీవులు తమ శరీరం గుండా నీటిని పంపు చేసుకొంటూ అందులోని ఆహారాన్ని గ్రహిస్తాయి. ఆ వేగం సముద్రపు ఆటుపోట్ల ననుసరించి హెచ్చుతగ్గులవుతుందనీ, ఆటుపోట్లు లేని ప్రయోగశాల తొట్టెలో సైతం ఆ లయ కొనసాగుతుందనీ, వేరొక తీరానికి మార్చినప్పుడు ఆ లయ కూడ మారగలదనీ వారు చూపారు.

మన ప్రస్తుత విషయానికి ఇందులో గొప్ప హెచ్చరిక ఉన్నది. ఈ సంగతి ఎరుగని విద్యార్థి ఒక చిప్పను ఉదయం చన్నీటిలోను, మరొకదానిని మధ్యాహ్నం వెచ్చని నీటిలోను ఉంచి కొలిచి, భేదమంతా వేడివల్లనే వచ్చినదని వ్రాస్తాడు. ఆ భేదం పోటుకూ ఆటుకూ సంబంధించినది కావచ్చును. తొట్టెలో నీరు నిశ్చలంగా ఉన్నది గనుక ఆటుపోట్లు ఆలోచించవలసిన పని లేదనుకొంటాము. సముద్రం తొట్టెలో లేకపోయినా జీవి ఒంటిలో ఉన్నది. అందుచేత గంట, తిథి, ఋతువు ఈ మూడూ ప్రతి పరిశీలనతోను తప్పక వ్రాసుకోదగినవి.

తేలినీలాపురం కొంగలు

టెక్కలికి చేరువలోనే తేలినీలాపురం ఉన్నది. ఏటా వేలమైళ్ల ప్రసిద్ధి గల అతిథులవలె గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఆ ఊరి చెట్లపై గూళ్లు కట్టి, పిల్లలను పెంచుకొని పోతాయి. పక్షులు బాగా వచ్చిన ఏడు ఊరికి మంచిదని అక్కడివారి నమ్మకం. ఆ నమ్మకం పక్షులను కాపాడినది గనుక దానికి నమస్కరించవలసినదే. విద్యార్థి మాత్రం ఇంకొక ప్రశ్న వేయాలి. పక్షులు పంటను తెచ్చినవా, లేక రెండింటినీ తెచ్చినది మరొకటి ఉన్నదా? వానలు బాగా కురిస్తే చెరువులు నిండుతాయి. చెరువులు నిండితే చేపలుంటాయి, చేపలుంటే పక్షులు నిలుస్తాయి. ఆ వానలకే వరి కూడ పండుతుంది. రెండు సంగతులు చేయి చేయి పట్టుకొని నడుస్తున్నప్పుడు, వాటి వెనుక ఉమ్మడి తల్లి ఉన్నదేమో చూడడం అవసరం. ఇటువంటిచోట ప్రయోగం సాధ్యం కాదు, ఎవరూ వానను ఆపలేరు. కాని వాన తక్కువై చెరువుకు కాలువనీరు వచ్చిన ఏడు పక్షులెన్ని, పంట ఎంత అని అనేక సంవత్సరాల లెక్కలు పోల్చి చూడవచ్చును.

ముందు వెనుకల పోలిక కూడ జాగ్రత్తగా చేయాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరాన్ని తాకి లెక్కలేనన్ని కొబ్బరి, జీడి చెట్లను పడగొట్టినది. చెట్ల నల్లని ఆకారం చూచి పిల్లలు సముద్రంవైపు తొలగుతాయని చెప్పుకొన్నాం గదా! తుపానుకు ముందు ఏటి జాడలనూ తరువాతి ఏటి జాడలనూ పోల్చి, చెట్లు పోయినందువల్లనే ఇంత భేదం కలిగినదని చెప్పవచ్చునా? అదే తుపాను ఇసుకతిన్నెల రూపును, తీరపు దీపాలను కూడ మార్చి ఉండవచ్చును. చెట్లు పడని తీరం ఒకటి పక్కన పెట్టుకొని, అక్కడ కూడ అదే రెండేండ్ల లెక్క చూడనిదే తీర్పు చెప్పరాదు.

బడి వరండాలో ఒక ప్రయోగం

సముద్రతాబేళ్లు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద రక్షణ పొందినవి. గూళ్లను త్రవ్వడం గాని, పిల్లలను పట్టుకొనడం గాని విద్యార్థులు చేయరాని పని. అందుకు అనుమతి పొందిన పరిశోధకులున్నారు. మనకు బడి వరండాలోని చీమలు చాలును.

చీమలు బెల్లాన్ని ఎక్కువగా కోరుతాయా, పంచదారనా? విద్యార్థి మామూలుగా చేసేదేమంటే, పుట్టకు ఇటు బెల్లం, అటు పంచదార పెట్టి, కాసేపటికి బెల్లం దగ్గర చీమలు మూగగా, బెల్లమే ఇష్టమని వ్రాస్తాడు. ఇందులో చాటుకారణాలెన్ని? బెల్లం పుట్టకు దగ్గరగా ఉన్నదేమో. అది నీడలో, ఇది ఎండలో ఉన్నదేమో. బెల్లం చెమ్మగా ఉన్నది, పంచదార పొడిగా ఉన్నది. బెల్లం ముక్క పెద్దదేమో. అన్నిటికంటె ముఖ్యం, మొదటి చీమ యాదృచ్ఛికంగా బెల్లాన్ని చేరితే, తిరిగిపోతూ నేలమీద వాసన బాట వేస్తుంది. తక్కినవి ఆ బాటను పట్టి వస్తాయి. అక్కడ మూగిన రెండు వందల చీమలు రెండు వందల అభిప్రాయాలు కావు, ఒక్క చీమ అభిప్రాయానికి అనుచరులు.

ఇప్పుడు సవరించుదాం. రెండింటినీ సమానమైన బరువులో, సమానమైన నీటిలో కరగించి, ఒకే కొలత గల దూదిపై వేయాలి. పుట్టనుంచి సమానదూరంలో, రెండూ నీడలోనే ఉంచాలి. ప్రతిసారి క్రింద కొత్త కాగితం పరచి పాత బాటను తొలగించాలి. కుడి ఎడమలను నాణెం ఎగరవేసి నిర్ణయించాలి. పది నిమిషాలకు ఎన్ని చీమలు చేరినవో లెక్కించాలి. లెక్కించేవానికి ఏ దూది ఏదో తెలియరాదు. మూడవదిగా వట్టి నీటిదూది కూడ ఉంచాలి. దానికి కూడ చీమలు చేరితే వాటికి కావలసినది తీపి కాక తేమయేమో! అయిదారు వేర్వేరు పుట్టల దగ్గర ఇదే చేసి, అప్పుడు కలము పట్టాలి.

ఈ ప్రయోగానికి పైకం అక్కరలేదు. ఒక తరగతికి రెండు రోజులు చాలు. ఉపాధ్యాయుడు మార్కులు వేసేటప్పుడు ఏ జవాబు వచ్చినదని కాక, ఎన్ని చాటుకారణాలను ముందుగా గుర్తించి కట్టడి చేశాడని చూడాలి. ఏ భేదమూ కనిపించలేదని ఉన్నదున్నట్లు వ్రాసిన విద్యార్థికి పూర్తి మార్కులు రావాలి. అనుకొన్న జవాబు వచ్చేదాకా లెక్కలు సవరించినవానికి ఒక్కటి కూడ రారాదు. సత్యవ్రతుడైన రాజు పేరు పెట్టుకొన్న ఊరు ఉన్న సీమలో ఈ మాటను వేరుగా బోధించనక్కరలేదు.

తప్పు కారణం, తప్పు మందు

ఇంత పట్టింపు ఎందుకని ఎవరైన అడగవచ్చును. కారణం తప్పితే మందు తప్పుతుంది. తాబేలు పిల్లలు వాలును పట్టి పోతాయని నమ్మితే ఇసుకను సరిచేయడానికి పైకం ఖర్చు పెడతాము, ఒడ్డున విద్యుద్దీపాలు మాత్రం వెలుగుతూనే ఉంటాయి. ఆ దీపాలను దిగంతమనుకొని పిల్లలు ఊరివైపు ప్రాకి, తెల్లవారేసరికి కుక్కలకు, కాకులకు, ఎండకు బలి అవుతాయి. వెలుగే కారణమని తేలినందువల్లనే, గుడ్లు పగిలే కాలంలో తీరపు దీపాలను ఆర్పండి, లేదా సముద్రంవైపు కనబడకుండా మరుగు పెట్టండి అని చెప్పగలుగుతున్నాము. అది పైకం అక్కరలేని మందు.

ఉద్దానం ప్రజలకు ఈ న్యాయం మరొక విధంగా, కన్నీటితో తెలిసినదే. ఎన్నో ఏండ్లుగా ఆ ఊళ్లను మూత్రపిండాల వ్యాధి పీడిస్తున్నది. బావినీరు కారణమా, ఎండలో నీరు త్రాగక చేసే శ్రమ కారణమా, పొలాల మందులా, వంశానుగతమా అని పరిశోధకులు వెదకుతూ వచ్చారు. ఏ ఒక్కటీ కారణమని అందరూ అంగీకరించేటట్లు తేలలేదు. ఎందుచేతనంటే ఆ నీరు త్రాగేవాడే ఆ ఎండలో పని చేస్తున్నాడు, ఆ మందు చల్లుతున్నాడు, ఆ ఇంటనే పుట్టాడు. తాబేలు పిల్ల ముందర నిలిచిన అయిదుగురు సాక్షులవలెనే ఈ అనుమానితులందరూ ఒకే గడపలో కలిసి నిలబడి ఉన్నారు. పైగా ఇక్కడ మనుషులపై ప్రయోగాలు చేసి వారిని విడదీయలేము. ఓపికతో, ఊరూరి లెక్కలతో, పోలికలతో ఒక్కొక్కరినే విడదీసి విచారించవలసి ఉన్నది.

ఆ విచారణ రేపు చేయవలసినవారు నేడు పలాస, టెక్కలి, హరిశ్చంద్రపురం బడులలో బల్లలమీద కూర్చున్న పిల్లలే. వారిచేత ముందుగా చీమలను లెక్కింపజేయండి. ఏమి మార్చావు, ఏమి కొలిచావు, నీకు తెలియకుండా మరేమి మారినది అనే మూడు ప్రశ్నలను ప్రతి ప్రయోగం చివర అడగండి. మూడవ ప్రశ్నకు పిల్లవాడు తనంతట తాను జవాబు వెదకనారంభించిన నాడు, విజ్ఞానశాస్త్రం అతనికి పాఠం కాక అలవాటవుతుంది.